లెటిస్‌ను ఇంగ్లిష్ వాక్యాల్లో ఎలా వాడతారు? కేఫేలో, కిచెన్‌లో పనిచేసేవాళ్లకు ఒక వివరమైన జవాబు

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. హోటల్ మేనేజ్‌మెంట్ చదివి మాదాపూర్‌లో ఒక కేఫేలో చేరారు. ఒక విదేశీ గెస్ట్ బర్గర్ చెబుతూ "హోల్డ్ ది లెటిస్" అన్నారు. లెటిస్ అంటే బర్గర్లలో, సలాడ్లలో పచ్చిగా వేసే ఆకు. గెస్ట్ మాట మీకు అర్థం కాలేదు, బర్గర్ మామూలుగానే వెళ్లింది, ప్లేటు వెనక్కి వచ్చింది. అప్పటినుంచి ‘లెటిసెస్’ అనొచ్చా, ‘ఎ లెటిస్’ అంటే తప్పా అని మీ టీమ్‌లో వాదన నడుస్తోంది. లండన్‌లో అలా విన్నానని మీ సీనియర్ అంటారు, అది తప్పని సూపర్‌వైజర్ దిద్దారు. రోజువారీ ఇంగ్లిష్‌లో ఈ మాటను ఎలా వాడతారో ఉదాహరణలతో చెప్పమన్నారు.

నేను హైదరాబాద్‌లో హోటళ్ల స్టాఫ్‌కి చాలా ఏళ్లుగా ఇంగ్లిష్ నేర్పుతున్నాను. ఈ మాట దగ్గర ఆగిపోయేవాళ్లను ప్రతి బ్యాచ్‌లోనూ చూస్తాను. ఇబ్బంది లెటిస్‌తో కాదు, దాని ముందూ వెనకా వచ్చే మాటలతో. ఒంటరిగా బట్టీపడితే ఈ మాట పనికిరాదు. చుట్టూ ఉండే మాటలతో కలిపి నేర్చుకుంటే వారంలో నోటికి వచ్చేస్తుంది.

ముందు మీ గెస్ట్ సంగతి. ఆర్డర్ చెప్పేటప్పుడు ‘హోల్డ్’ అంటే పట్టుకోమని కాదు, వెయ్యొద్దని. "హోల్డ్ ది ఆనియన్స్", "హోల్డ్ ది మేయో" అన్నీ ఇదే తీరు. అమెరికన్ల నోట ఎక్కువ వినిపిస్తుంది. ఇదే సంగతిని "నో లెటిస్, ప్లీజ్" అని సూటిగా చెప్పేవాళ్లున్నారు, "కుడ్ యు లీవ్ అవుట్ ది లెటిస్?" అని మర్యాదగా అడిగేవాళ్లున్నారు. ఇక్కడ ‘లీవ్ అవుట్’కీ ‘టేక్ అవుట్’కీ తేడా గమనించండి. మొదటిది అసలు పెట్టకపోవడం, రెండోది పెట్టినదాన్ని తీసేయడం. ప్లేటు టేబుల్ మీదికి వచ్చాక "కెన్ యు టేక్ ది లెటిస్ అవుట్?" అన్నారంటే వాళ్ల ముందున్న బర్గర్ గురించే మాట్లాడుతున్నారు.

"గో ఈజీ ఆన్ ది లెటిస్" అంటే కొంచెమే వేయమని. "లెటిస్ ఆన్ ది సైడ్" అంటే విడిగా పక్కన పెట్టమని. "కెన్ ఐ గెట్ ఇట్ ఇన్ ఎ లెటిస్ ర్యాప్?" అని అడిగితే బన్ వద్దు, దాని బదులు పెద్ద లెటిస్ ఆకుల్లో చుట్టి ఇవ్వమని అర్థం. గచ్చిబౌలి, కొండాపూర్ వైపు కీటో డైట్ (అన్నం, బ్రెడ్ లాంటి పిండిపదార్థాలు బాగా తగ్గించే పద్ధతి) చేసే మనవాళ్లు కూడా ఇప్పుడు ఇలాగే అడుగుతున్నారు కాబట్టి ఇది గుర్తుంచుకోండి.

సరుకు అయిపోయినప్పుడు మనవాళ్లు గెస్ట్‌తో "లెటిస్ ఈజ్ ఓవర్" అంటారు. తెలుగులో ‘అయిపోయింది’ అంటాం కదా, అదే నేరుగా వచ్చేస్తుంది. మన ఊళ్లో అందరికీ అర్థమవుతుంది గానీ బయటివాళ్లకు వింతగా ఉంటుంది. "సారీ, వి ఆర్ అవుట్ ఆఫ్ లెటిస్" లేదా "వి హ్యావ్ రన్ అవుట్ ఆఫ్ లెటిస్" అనండి. పెద్ద కిచెన్లలో షెఫ్‌లు "ఎయిటీ సిక్స్ ది లెటిస్" అని కేక వేస్తారు. అంటే లెటిస్ లేదు, ఇక ఆర్డర్ తీసుకోవద్దని. అది కిచెన్ లోపలి భాష, గెస్ట్ ముందు వాడేది కాదు.

ఇక మీ వాదన. నిజానికి మీ టీమ్‌లో రెండు పక్షాలూ కొంత కొంత కరెక్టే.

పాలకూర కొనడానికి వెళ్తే "రెండు పాలకూరలు ఇవ్వు" అని ఎవరూ అనరు. రెండు కట్టలు ఇవ్వమంటాం. కరివేపాకైతే రెబ్బలు, కొత్తిమీరైతే కట్ట, అల్లమైతే ముక్క. సరుకు పేరును లెక్కపెట్టం, దాని కొలతను లెక్కపెడతాం. ఇంగ్లిష్‌లో లెటిస్‌కి కూడా మామూలుగా ఇదే పద్ధతి. ఆకుగా, తినే పదార్థంగా చూసినప్పుడు దానికి ‘ఎ’ రాదు, ‘ఎస్’ రాదు. "దేర్ ఈజ్ సమ్ లెటిస్ ఇన్ ది ఫ్రిజ్." "హౌ మచ్ లెటిస్ డు వి నీడ్ ఫర్ టునైట్?" ఇక్కడ ‘హౌ మెనీ’ అంటే తప్పు. గిన్నె నిండా ఆకులున్నా సరే "ది లెటిస్ ఈజ్ ఫ్రెష్" అనాలి, ‘ఆర్’ రాదు. మనవాళ్లు ఎక్కువగా జారేది ఇక్కడే, ఎందుకంటే కళ్లకు చాలా ఆకులు కనిపిస్తుంటాయి.

లెక్క చెప్పాలంటే కొలత మాట తెచ్చుకోవాలి. గుండ్రంగా క్యాబేజీ గడ్డలా ఉండే ఐస్‌బర్గ్ రకం లెటిస్‌కి ‘హెడ్’ అంటారు. "వి నీడ్ సిక్స్ హెడ్స్ ఆఫ్ లెటిస్." మనకు ఆకుకూర అంటే కట్ట గుర్తొస్తుంది కాబట్టి ‘బంచ్’ అనేస్తాం. కొత్తిమీరకు అది సరిపోతుంది గానీ ఐస్‌బర్గ్‌కి కుదరదు. ఒక ఆకైతే ‘ఎ లెటిస్ లీఫ్’ అన్నా ‘ఎ లీఫ్ ఆఫ్ లెటిస్’ అన్నా ఒకటే. పిడికెడైతే ‘ఎ హ్యాండ్‌ఫుల్ ఆఫ్ లెటిస్’, కడిగి ప్యాక్ చేసినదైతే ‘ఎ బ్యాగ్ ఆఫ్ లెటిస్’. చిన్న ముక్కకు ‘ఎ పీస్ ఆఫ్ లెటిస్’. రోజువారీ మాటల్లో ఈ చివరిది ఎక్కువగా వినిపించే సందర్భం ఒకటుంది: "యు హ్యావ్ ఎ పీస్ ఆఫ్ లెటిస్ ఇన్ యువర్ టీత్." పళ్ల మధ్య ఆకు ఇరుక్కుందని స్నేహితుడికి చెప్పడం.

మరి ‘ఎ లెటిస్’, ‘టూ లెటిసెస్’ తప్పా? కాదు. బ్రిటన్‌లో మొత్తం గడ్డను ఒక వస్తువుగా చూసినప్పుడు హాయిగా అంటారు. మార్కెట్‌కి వెళ్లేవాళ్లతో "గెట్ ఎ లెటిస్ అండ్ సమ్ టమాటోస్" అంటారు. పెరట్లో పెంచుకునేవాళ్లు "ది స్లగ్స్ హ్యావ్ ఈటెన్ మై లెటిసెస్" అని బాధపడతారు. అమెరికన్లు అదే చోట ఎక్కువగా ‘ఎ హెడ్ ఆఫ్ లెటిస్’ అంటారు. కాబట్టి లండన్‌లో విన్నానని చెప్పిన మీ సీనియర్ నిజమే చెప్పారు, తప్పని దిద్దిన సూపర్‌వైజర్ కూడా బర్గర్ లోపలి ఆకుల విషయంలో నిజమే చెప్పారు. బర్గర్‌లో ‘టూ లెటిసెస్’ ఉన్నాయంటే రెండు మొత్తం గడ్డలు దూర్చారని వినిపిస్తుంది. రకాల గురించి చెప్పేటప్పుడు మాత్రం బహువచనం రెండు దేశాల్లోనూ చెల్లుతుంది: "వి యూజ్ త్రీ డిఫరెంట్ లెటిసెస్ ఇన్ దిస్ సలాడ్."

ఇప్పుడు చెప్పేది సర్వీస్‌లో ఉన్నవాళ్లకు అన్నిటికన్నా ముఖ్యం. ఒక గెస్ట్ "ఐ డోంట్ లైక్ లెటిస్" అన్నారు. ఇంకొకరు "ఐ డోంట్ లైక్ ది లెటిస్" అన్నారు. తేడా ఒక్క ‘ది’. మొదటి ఆయనకు లెటిస్ అంటేనే ఇష్టం లేదు, మీరు "షల్ వి లీవ్ ఇట్ అవుట్?" అంటే సరిపోతుంది. రెండో ఆయన తన ప్లేటులో ఉన్న ఈ లెటిస్ బాగాలేదంటున్నారు, అంటే అది కంప్లయింట్. అక్కడ వెంటనే "అయామ్ సారీ, వాట్ సీమ్స్ టు బి రాంగ్ విత్ ఇట్?" అని అడిగి ప్లేటు చూడాలి. తెలుగులో ఈ ‘ది’ లాంటి ముక్క లేదు కాబట్టి మన చెవి దాన్ని పట్టుకోదు. నా క్లాసుల్లో ఈ రెండు వాక్యాలనూ మార్చి మార్చి చదివి, ఏది విన్నారో చెప్పమంటాను. మొదట్లో చాలామందికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. అలవాటైతే ఇక పొరపాటు జరగదు.

లెటిస్ పాడైందని చెప్పడానికి ఇంగ్లిష్‌లో చాలా మాటలున్నాయి, ఒక్కోదానికి ఒక్కో స్థాయి. వడలిపోతే ‘విల్టెడ్’. బిగువు తగ్గి మెత్తగా వేలాడుతుంటే ‘లింప్’. డ్రెస్సింగ్‌లోనో (సలాడ్‌లో కలిపే సాస్) నీళ్లలోనో నానిపోతే ‘సాగీ’. జిగురు పడితే ‘స్లైమీ’. అంచులు గోధుమరంగుకి తిరిగితే ‘బ్రౌన్ అరౌండ్ ది ఎడ్జెస్’. మనవాళ్లు వీటన్నిటికీ కలిపి ‘స్పాయిల్డ్’ అనేస్తారు. లింప్ అయిన ఆకును ఐస్ నీళ్లలో కాసేపు ఉంచితే తేరుకోవచ్చు, స్లైమీ అయితే డస్ట్‌బిన్‌కే. షెఫ్‌కి ఏ మాట చెప్పారన్నదాన్ని బట్టి అక్కడ పని మారిపోతుంది. వాక్యంలో ‘గో’ వాడటం అలవాటు చేసుకోండి: "ది లెటిస్ హ్యాజ్ గాన్ లింప్", "దిస్ లెటిస్ ఈజ్ గోయింగ్ బ్రౌన్". ‘బికమ్’ కన్నా ఇదే సహజంగా వినిపిస్తుంది.

బాగున్న లెటిస్‌కి వాడే మాట ‘క్రిస్ప్’. ‘క్రిస్పీ’ అంటే అర్థం కాకపోదు, అక్కడక్కడా అనేవాళ్లూ ఉన్నారు. కానీ క్రిస్పీ అనగానే ముందు గుర్తొచ్చేది నూనెలో వేగిన పకోడీ, చికెన్ లాంటివే. పచ్చి ఆకు, యాపిల్, కీరా లాంటివాటికి క్రిస్ప్ బాగుంటుంది. "నైస్ అండ్ క్రిస్ప్" అని జంటగా కూడా అంటారు.

కిచెన్‌లో చేసే పనులకు మాటలు త్వరగా చెప్పేస్తాను. కడగడం ‘వాష్’ లేదా ‘రిన్స్’, తడి ఆరేలా అద్దడం ‘ప్యాట్ డ్రై’, చేత్తో తుంచడం ‘టేర్’, సన్నగా తరగడం ‘ష్రెడ్’, డ్రెస్సింగ్ పట్టేలా పైకీ కిందకీ కలపడం ‘టాస్’. షెఫ్ "టేర్ ది లెటిస్, డోంట్ కట్ ఇట్" అన్నారంటే కత్తి పక్కన పెట్టమని. టాకోలకు, బర్గర్లకు ఎక్కువగా ‘ష్రెడెడ్ లెటిస్’ అడుగుతారు.

ఉచ్చారణ గురించి మీరు అడగలేదు గానీ చెప్పకుండా ఉండలేను. స్పెల్లింగ్ చూసి మనవాళ్లలో చాలామంది ‘లెట్యూస్’ అంటారు. మాట చివర ‘టిస్’ అని చిన్నగా పలకాలి, నోటీస్, జస్టిస్‌లకు ఇంగ్లిష్‌వాళ్లు పలికే చివరి శబ్దమే ఇక్కడా. నొక్కు అంతా ‘లె’ మీద ఉండాలి. అమెరికన్లు మధ్యలోని ట ని మెత్తగా పలుకుతారు, ఫోన్‌లో అయితే దాదాపు ‘లెడిస్’ అనిపిస్తుంది. ఫోన్ ఆర్డర్లు తీసుకునేవాళ్లు కంగారుపడకండి, అదీ ఇదే మాట. ‘లెట్ అస్’ని వేగంగా అంటే కూడా ఇలాగే వినిపిస్తుంది. అందుకే కేఫేల బోర్డుల మీద "లెటిస్ ఈట్" అని రాసి ఉంటుంది, రండి తిందాం అని చమత్కారం. స్పెల్లింగ్‌లో మాత్రం జాగ్రత్త: ఎల్, ఇ, రెండు టీలు, యు, సి, ఇ. మెనూల్లో దీన్ని ‘ల్యాటిస్’ అయ్యేలా అచ్చువేసిన చోట్లు చూశాను. ల్యాటిస్ అంటే కిటికీకి వేసే జాలీ.

రకాల పేర్లు తెలిస్తే సగం సంభాషణ తేలికవుతుంది, ఎందుకంటే తెలిసినవాళ్లు లెటిస్ అనే మాటే వదిలేసి "డు యు హ్యావ్ రొమెయిన్?" అని అడుగుతారు. పొడవాటి ఆకులు, మధ్యలో గట్టి ఈనె ఉండే ఈ రొమెయిన్‌నే బ్రిటన్‌లో ‘కాస్’ అంటారు, గ్రీస్‌లోని కాస్ ద్వీపం పేరు మీదుగా. సీజర్ సలాడ్‌లో వేసేది ఇదే. లేత గుండ్రటి మెత్తని ఆకులది బటర్‌హెడ్. ఎర్రటి అంచులతో ముడతలు పడి ఉండేది లోలో రోసో. బేకన్, లెటిస్, టమాటో వేసిన శాండ్‌విచ్‌ని ‘బిఎల్‌టి’ అని మూడక్షరాలతో సరిపెడతారు. ఇంకో సంగతి: బ్రిటిష్ గెస్ట్ శాండ్‌విచ్ గురించి "విత్ సలాడ్, ప్లీజ్" అన్నారంటే గిన్నెలో సలాడ్ అడిగినట్టు కాదు. లోపల లెటిస్, టమాటో, కీరా లాంటివి పెట్టమని. ఇది తెలియక విడిగా సలాడ్ ప్లేటు తెచ్చి బిల్లులో వేసేవాళ్లుంటారు.

పేరులో లెటిస్ ఉన్నదల్లా లెటిస్ కాదు. ‘వాటర్ లెటిస్’ అంటే మన చెరువుల్లో తేలే అంతరతామర, దాన్ని సలాడ్‌లో వేయరు. ‘సీ లెటిస్’ సముద్రపు నాచు. ‘లాంబ్స్ లెటిస్’ మాత్రం తినే ఆకే, కానీ మొక్క వేరు. అసలు లెటిస్ చామంతి, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందినది. కాడ విరిస్తే పాలు కారతాయి. లాటిన్‌లో దాని పేరు లాక్టూకా, పాలకు లాటిన్ మాటైన లాక్ నుంచి వచ్చింది. ఈ మొక్క మన హైదరాబాద్‌కి మరీ కొత్తదేమీ కాదు. యునానీ హకీములు వాడే ‘తుఖ్మ్-ఎ-కాహూ’ లెటిస్ గింజలే, నిద్ర పట్టడానికి ఇస్తారు.

డాబా మీద పెంచేవాళ్ల మాటల్లో ఇంకో క్రియ వినిపిస్తుంది, ‘బోల్ట్’. లెటిస్‌కి చల్లదనం కావాలి. మన ఊళ్లో చలికాలంలో బాగా వస్తుంది. ఎండలు ముదిరితే కాడ పైకి సాగి పూతకొచ్చి ఆకు చేదెక్కుతుంది. అప్పుడు "మై లెటిస్ హ్యాజ్ బోల్టెడ్" అంటారు. సప్లయర్ మార్చి తర్వాత పంపిన ఆకు చేదుగా ఉందని గెస్ట్ చెబితే "ఇట్ టేస్ట్స్ ఎ బిట్ బిట్టర్" అనే మాట వింటారు. అది ఊరికే వంక పెట్టడం కాదు, నిజంగానే ఎండ వల్ల అలా అవుతుంది.

తిండికి సంబంధం లేని వాడకాలు కూడా కొన్ని ఉన్నాయి. బ్రిటన్, ఆస్ట్రేలియాల్లో ‘ఎ వెట్ లెటిస్’ అంటే చేవలేని మనిషి. "డోంట్ బి సచ్ ఎ వెట్ లెటిస్" అని స్నేహితులు ఆటపట్టించుకుంటారు. ఆస్ట్రేలియా మాజీ ప్రధాని పాల్ కీటింగ్ తన ప్రత్యర్థి జాన్ హ్యూసన్ విమర్శలను వెచ్చటి లెటిస్‌తో కొరడా దెబ్బలు తిన్నట్టుందని, అంటే అసలు తగలనే లేదని, ఎద్దేవా చేయడం అక్కడ ఇప్పటికీ చెప్పుకుంటారు. 2022లో బ్రిటన్ ప్రధాని లిజ్ ట్రస్ పదవిలో ఎంతకాలం ఉంటారన్నదాన్ని ది ఎకానమిస్ట్ పత్రిక లెటిస్ నిల్వ ఉండే కాలంతో పోల్చింది. దాన్ని పట్టుకుని డైలీ స్టార్ పత్రిక అక్టోబర్ 14న ఒక ఐస్‌బర్గ్ గడ్డను కెమెరా ముందు పెట్టి, ఆవిడ ముందు వెళ్తారా, ఇది ముందు వాడిపోతుందా అని లైవ్ పెట్టింది. 20న ఆవిడ రాజీనామా ప్రకటించారు. లెటిసే గెలిచిందని పత్రిక ప్రకటించుకుంది. ఈ మధ్య బ్రిటిష్ గెస్ట్‌లు లెటిస్, ప్రధానమంత్రి అని కలిపి నవ్వుకుంటుంటే అది ఈ సంగతే. పాత అమెరికన్ స్లాంగ్‌లో లెటిస్ అంటే పచ్చనోట్లు, డాలర్లు. ఐస్ హాకీ వాళ్ల భాషలో హెల్మెట్ కింద నుంచి జాలువారే పొడవాటి జుట్టు. ఇవి వింటే అర్థమైతే చాలు. గెస్ట్‌తో మీరు వాడాల్సినవి కావు. ముఖ్యంగా ‘వెట్ లెటిస్’ పరిచయం లేని మనిషిని నొప్పిస్తుంది, అమెరికన్లలో చాలామందికి అర్థం కూడా కాదు.

మీ కొత్త మెనూ డ్రాఫ్ట్‌లో మూడు లైన్లు కూడా పంపారు, అవి చూశాను. ‘గ్రిల్డ్ చికెన్ ఆన్ లెటిసెస్ బెడ్’ని ‘గ్రిల్డ్ చికెన్ ఆన్ ఎ బెడ్ ఆఫ్ లెటిస్’ అని మార్చండి. ‘క్రిస్పీ లెటిస్ అండ్ టమాటోస్’లో క్రిస్పీని క్రిస్ప్ చేయండి. ‘పనీర్ ర్యాప్ విత్ మెనీ లెటిస్’లో ‘మెనీ’ తీసేసి ‘ప్లెంటీ ఆఫ్ లెటిస్’ పెట్టండి. ‘మచ్ లెటిస్’ అని మాత్రం దిద్దకండి. ‘మచ్’ ప్రశ్నల్లోనూ, ‘నాట్ మచ్’ లాంటి చోట్లా బాగుంటుంది గానీ మెనూ లైన్‌లో అతకదు. ప్రింటింగ్‌కి ఇచ్చే ముందు మిగతా పేజీలు కూడా ఇక్కడ పెట్టండి, చూసి చెబుతాను.